తాడు రంధ్రంలో సూర్యుడు

కలకత్తాలో నేను పనిచేసే సొసైటీ పండితులకు తాళపత్రాలంటే అపారమైన గౌరవం. ఎంత గౌరవమంటే, చదివి వాటిని ఇబ్బంది పెట్టరు. ప్రాచీన గణితం మీద, మధ్యయుగాల తత్వం మీద, యూరప్ పునరుజ్జీవనం మీద వాళ్ళు రాసిన పుస్తకాలు మెట్ల పక్కన అద్దాల బీరువాలో వరసగా ఉంటాయి. ఏ పుటలో చూసినా అడుగున సన్నక్షరాల్లో ఆధారాలు. ఆ ఆధారం ఇంకో పుస్తకాన్ని చూపిస్తుంది, అది దానికి ముందు పుస్తకాన్ని చూపిస్తుంది. ఓపిక ఉన్నవాళ్ళు అలా వెనక్కి పోతే, చివరికి ఎవరో ఒకాయన వేసవి మధ్యాహ్నం భోజనం చేసొచ్చి కునికిపాట్ల మధ్య రాసిన కేటలాగు దగ్గర తేలతారు. ఈ ఇల్లంతా ఆ పునాది మీదే నిలబడి ఉంది.

ఆ కేటలాగులో మా తెలుగు కట్టకు ఎదురుగా 'లిపి: ఒరియా కావచ్చు. విషయం: మతం' అని ఉండేది. ఆ మహానుభావుడికి గుండ్రంగా ఉన్న అక్షరమల్లా ఒరియా, అర్థం కానిదల్లా మతం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇది తెలుగు లిపి అనీ, ఇందులో ఉన్నది గ్రహణాలు లెక్క కట్టే గణితమనీ సెక్రటరీగారికి చెప్పాను. ఆయన చాలా సంతోషించి, కేటలాగు కొత్త ముద్రణ వేసినప్పుడు దిద్దుదామన్నారు. ఆ ముద్రణ ఇంకా రాలేదు. నాకు మాత్రం జుట్టు నెరిసింది.

నేను అక్కడ లిపి సహాయకురాలిని. అంటే చదవడం వచ్చిన మనిషిని. పండితులు వేరే ఉంటారు. మా నాన్న హౌరాలో టికియాపారా రైల్వే యార్డులో పనిచేశాడు. నేను అక్కడి క్వార్టర్లలోనే పుట్టి, మావాళ్ళు నడుపుకున్న చిన్న తెలుగు బడిలో అక్షరాలు దిద్ది, తర్వాత కాలేజీలో బెంగాలీ మాస్టార్ల దగ్గర సంస్కృతం చదువుకున్నాను. ఇప్పుడు మా పేట పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ ఇంటికొచ్చిన శుభలేఖను నా చేత చదివించుకుంటారు. అలా ఈ ఊళ్ళో తాటాకు మీద తెలుగు చదివే మనిషిగా నేను మిగిలాను. ఇందులో నా గొప్పేమీ లేదు, మిగతావాళ్ళు మానేశారు, అంతే.

చెప్పాలనుకున్నది ఆ కట్టలోని ఒక ఆకు సంగతి. తాటాకు పుస్తకానికి కుట్టు ఉండదు. ప్రతి ఆకుకీ రంధ్రం చేసి, అన్నిటిలోనూ తాడు దూర్చి, పైనా కిందా చెక్కపలకలు పెట్టి బిగించి కడతారు. ఈ ఆకుకీ నడుమ రంధ్రం ఉంది. ఆ రంధ్రం చుట్టూ, ఒకదానికి వెలుపల ఒకటిగా, వృత్తాలు గీసి ఉన్నాయి. తాటాకు మీద వృత్తం గీయడం అంత సుఖమైన పని కాదు, గంటం నార వెంట జారిపోతుంది. అందుకని ఆ రాసినాయన ఎలాగూ ఉన్న రంధ్రంలోనే పుల్ల గుచ్చి, దానికి దారం కట్టి, గంటాన్ని చుట్టూ తిప్పుకున్నాడు. మధ్యలో భూమి, చుట్టూ చంద్రుడూ సూర్యుడూ మిగతా గ్రహాలూ. అప్పటివాళ్ళు నమ్మిన లోకం అదే. భూమి పేరు మాత్రం రాయలేదు. రాయాల్సిన చోట కన్నం ఉంది మరి.

ఆ ఆకు రెండో వైపంతా రాత. అదే నాకు ముఖ్యం. కానీ అది కంటికి కనబడదు. గంటంతో గీరిన అక్షరానికి రంగు ఉండదు, మసి పూసి తుడిస్తే ఆ గీతల్లో మసి నిలిచి అక్షరం తేలుతుంది. ఈ ఆకులకు ఒకప్పుడు మసి ఉండేది. నేను చేరకముందు ఎవరో పెద్దలు 'వారసత్వ పరిరక్షణ' అనే వర్క్‌షాపు పెట్టి, ఆకులు మురికిగా ఉన్నాయని స్పిరిట్‌లో దూది ముంచి శుభ్రంగా తుడిచారు. వృత్తాలు లోతుగా గీసినవి కాబట్టి వాటిలో మసి కొంచెం మిగిలింది. అక్షరాలు పోయాయి. తుడిచినవాళ్ళకు శాలువాలు కప్పారని విన్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు మన పెద్దలు.

మళ్ళీ మసి పూస్తానని నేను అడిగాను. తరతరాలుగా మనవాళ్ళు చేసిన పనే, ఆకుకు ఏ హానీ లేదన్నాను. కమిటీ కూర్చుంది. రసాయన ప్రమాదం ఉండవచ్చని తేల్చింది. స్పిరిట్‌కు లేని ప్రమాదం దీపపు మసికి వచ్చిపడింది. దాంతో నాకు మిగిలిన దారి ఒకటే. చలికాలం ఉదయపు ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తూర్పు కిటికీ దగ్గర ఆకును కొంచెం వంచి పట్టుకుంటే, గీతల నీడలు కనిపిస్తాయి. ఒక్కో అక్షరం అలా పోల్చుకోవాలి. ఫోనులో ఫోటో తీస్తే ఎండుటాకు తప్ప ఏమీ పడదు. సొసైటీవాళ్ళు స్కాన్ చేయించిన బొమ్మలో కూడా ఒక వైపు వృత్తాలూ, రెండో వైపు ఖాళీ ఆకూ ఉన్నాయి.

పైగా రీడింగ్ రూము తెరిచేసరికి ఎండ సగం జరిగిపోయేది. హౌరాలో లాంచీ ఎక్కి గంగ దాటి నేను ముందే వచ్చి గుమ్మంలో కూర్చునేదాన్ని. తాళాలున్న దాదా వచ్చి, చాయ్ తాగి, పేపరు మడిచి, అప్పుడు తాళంచెవి వెతికేవాడు. అన్నీ అయ్యాక నాకు దక్కే ఎండలో ఒక ముక్కో, ఒకటిన్నర ముక్కో తేలేది. సాయంత్రం ఇంటికి వెళ్ళగానే మా అమ్మ అడిగేది, "ఏటే, ఈయేళ ఏటి సదివినావు?" అని.

అమ్మకు చదువు లేదు. టీవీ సీరియల్ అయినా వదులుకుంటుంది గానీ ఈ ఆకు సంగతి వదలదు. ఎందుకంటే రెండో వైపు ఉన్నది శ్లోకాలు కావు, ఒక మనిషి గోడు. ఆయన ఎవరో, ఏ ఊరివాడో తెలియదు. వంశధార ఒడ్డున పంచాంగం చెప్పుకునే పంతులని మాత్రం తెలుస్తోంది. సూర్యగ్రహణం ఫలానా ఘడియకు పడుతుందని లెక్క కట్టి ఊరందరికీ చెప్పాడు. ఆయన మాట మీద జనం పొయ్యిలు ఆర్పి, పస్తుండి, పట్టు స్నానానికి ఏట్లో దిగారు. ఆ ఘడియ వచ్చింది. గ్రహణం రాలేదు. పంతులు కూడా వాళ్ళతోపాటు మొలలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు.

"ఓలమ్మ, నీటిలో దిగినోళ్ళు అలాగే ఉండిపోనారా?" అంది అమ్మ ఆ రోజు.

"ఉండిపోనారు. పిల్లలు సలికి ఏడుస్తన్నారని రాసినాడు."

"కడుపుతో ఉన్నోళ్ళని గదిలో ఎట్టి తలుపేసీసుంటారు గదే, ఆళ్ళ గతేటి? ఆయన సెప్పినాడని గదా ఇదంతా. బేచారా, ఎంత సిగ్గయిపోయుంటాదో."

తర్వాతి ఉదయాల్లో ఒక్కొక్క ముక్కే తేలింది. గ్రహణం వచ్చింది, కానీ ఆలస్యంగా వచ్చింది. అప్పటికే సగంమంది గట్టెక్కి, పంతుల్ని నానా మాటలూ అని ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఆయన మాత్రం నీళ్ళలోనే ఉండి, పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి, వాటిలో సూర్యుణ్ణి చూస్తూ పట్టింది ఎప్పుడో, విడిచింది ఎప్పుడో గుర్తు పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి ఈ ఆకు తీశాడు. తప్పు ఆకాశానిది కాదనీ, పెద్దలు ఇచ్చిన అంకె పాతబడిందనీ, దాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగిన తనది తప్పనీ రాసుకున్నాడు. లెక్క ఆకాశంతో కుదరనప్పుడు అందులో కలిపే దిద్దుబాటును ఆ శాస్త్రంలో బీజం అంటారు. ఎంత బీజం కలిపితే తన లెక్క ఆనాటి ఆకాశంతో సరిపోతుందో కూడా రాస్తున్నానని మొదలుపెట్టాడు. నేను అక్కడిదాకా వచ్చాను. ఇంకా కొన్ని పంక్తులున్నాయి. ఆ అంకె వాటిలో ఉంది.

అది తెలిస్తే ఆయన ఏ గ్రహణం సంగతి చెబుతున్నాడో, ఏ కాలంవాడో, దిద్దుబాటు సరిగ్గా చేశాడో లేదో వెనక్కి లెక్కకట్టి తేల్చవచ్చు. నేను మనసులో మాట దాచుకోను. మా సొసైటీ బీరువాలోని పుస్తకాలన్నీ ఒక ఎత్తు, ఆ నాలుగు పంక్తులూ ఒక ఎత్తు. ఊరందరి ముందూ పరువు పోయిన మనిషి ఇంటికొచ్చి గ్రహాలను తిట్టలేదు, జనాన్ని తిట్టలేదు, లెక్క సరిచేసుకున్నాడు. శాస్త్రం అంటే నాకు తెలిసినంతలో అదే. అమ్మకు ఇదంతా అక్కర్లేదు. ఆమెకు కావలసింది ఒకటే. "మరి దిద్దుకున్నాడా నేదా? జల్దీ సదివీయే," అనేది అన్నం వడ్డిస్తూ.

సరిగ్గా అప్పుడే ఆఫీసరుగారు ఊడిపడ్డారు.

ఆయన పెద్ద ఉద్యోగం చేసి రిటైరయిన తెలుగాయన. ఒకప్పుడు కలకత్తాలో పోస్టింగు మీద ఉన్నారు కాబట్టి ఇక్కడ అందరూ తెలుసు. రిటైరయ్యాక కొందరు తోట పెంచుతారు, ఈయన చరిత్ర పెంచుతున్నారు. హైదరాబాదులో కూర్చుని మా స్కాన్ బొమ్మలు కంప్యూటర్లో చూశారట. చూసి, నడుమ ఉన్న నల్లటి చుక్కను సూర్యుడు అనుకున్నారు. దాని చుట్టూ గ్రహాలు తిరుగుతున్నాయి. ఇంకేం కావాలి? యూరప్ వాళ్ళు పునరుజ్జీవనంలో కనిపెట్టామని చెప్పుకునేదాన్ని మన తెలుగు పంతులు ముందే తాటాకు మీద గీసిపెట్టాడని ఒక వ్యాసం రాసి, దాన్ని ఎన్ని వాట్సాప్ గుంపుల్లో పడేయాలో అన్నిటిలోనూ పడేసి, విమానమెక్కి వచ్చేశారు.

నన్ను పిలిపించారు. అచ్చ తెలుగులో ఆప్యాయంగా మాట్లాడారు.

"చూడండమ్మా, మీరు మన తెలుగువారు కాబట్టి ముందు మీకే చెబుతున్నాను. ఇది ప్రపంచాన్ని కుదిపేసే విషయం. మధ్యలో సూర్యుణ్ణి పెట్టాడు మనవాడు."

"అది సూర్యుడు కాదు సార్. తాడు దూర్చే రంధ్రం."

ఆయన నవ్వారు. పిల్లలు తెలియక మాట్లాడితే పెద్దలు నవ్వే నవ్వు అది.

నేను కట్ట తెప్పించి, అన్ని ఆకుల్లోనూ అదే చోట అలాంటి రంధ్రమే ఉందని చూపించాను. వృత్తాల మీద ఆవగింజంత అక్షరాలున్నాయి, అంతకుముందే ఎండలో పోల్చుకున్న వాటిని కూడా వినిపించాను. రంధ్రానికి దగ్గర వృత్తం చంద్రుడిది, తర్వాత బుధుడు, శుక్రుడు, ఆ తర్వాతి వృత్తం మీద రవి. "సూర్యుడు ఇక్కడున్నాడు సార్, అంచు వైపు. ఒకే మనిషి రెండు కుర్చీల్లో కూర్చోడు కదా," అన్నాను.

"అదీ సూర్యుడే, ఇదీ సూర్యుడే. ఇది కంటికి కనిపించే సూర్యుడు, మధ్యలో ఉన్నది తత్వం తెలిసినవాడికి కనిపించే సూర్యుడు."

"మరి చంద్రుడు సూర్యుడికి అంత దగ్గర ఎందుకున్నాడండీ?"

"అందులో చాలా లోతు ఉందమ్మా."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్న మనిషిని చిన్నప్పుడు సామెతలో విన్నాను. ఆయన సూటు వేసుకుని ఎదురుగా కూర్చుంటాడని అనుకోలేదు. ఆకు మీద సంవత్సరం లేదు సార్, ఎప్పటిదో చెప్పలేం అన్నాను. ఎంత తక్కువ వేసుకున్నా అయిదు వందల ఏళ్ళ కిందటిదన్నారు ఆయన. ఎలా తేల్చారండీ అని అడిగాను. "లేకపోతే యూరప్ వాళ్ళకంటే ముందు ఎలా అవుతుంది?" అన్నారు. ఇది హాస్యం కాదు. ఆయన మొహం చాలా గంభీరంగా ఉంది.

ఆ తర్వాత జరిగిందే అన్నిటికంటే ఘోరం. ఆయన నా చేతిలోంచి ఆకు తీసుకుని కిటికీ వైపు ఎత్తిపట్టారు. రంధ్రంలోంచి వెలుగు వచ్చింది. కన్నంలోంచి వెలుగు రాక చీకటి వస్తుందా? "చూశారా, మన పూర్వీకుడు సూర్యుణ్ణి గీయలేదు, సూర్యుడికి దారి ఇచ్చాడు," అన్నారు. గదిలో ఉన్న మా పండితులు ఆహా అన్నారు. వాళ్ళలో ఒకాయన యూరప్ మధ్యయుగాల మీద ఇంత లావు పుస్తకం రాసినవాడు. మెట్ల దగ్గర నాతో ఒంటరిగా ఉన్నప్పుడు ఈ ఆఫీసరుది పిచ్చివాగుడని బెంగాలీలో అని నోరారా నవ్వాడు. సభ పెడితే అధ్యక్షత వహించేది కూడా తనేనని అదే గుక్కలో చెప్పాడు. నాకు ఆఫీసరుగారి మీదకంటే ఈయన మీదే ఎక్కువ అసహ్యం వేసింది. ఆయన కనీసం నమ్మి మాట్లాడుతున్నాడు.

ఎగ్జిబిషన్, దానితోపాటు సెమినారు అనుకున్నారు. ఆ ఆకును కట్టలోంచి విడదీసి అద్దాల పెట్టెలో పెడతారట. నేను సెక్రటరీగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన మంచివాడే. మంచితనం తప్ప ఇంకే పనీ చేతకానివాడు. రెండో వైపు రాత ఉంది దాదా, చాలావరకు చదివాను, మిగతా నాలుగు పంక్తులూ చదివేదాకా ఆ ఆకును ఎవరినీ ముట్టుకోనివ్వకండి అని బతిమాలాను. ఆ వైపు ఖాళీగా ఉందని స్కాన్ చెబుతోందన్నారు. స్కాన్‌కు కళ్ళు లేవన్నాను. సరే దీదీ, మీరు చదివేదాకా కదపమని మాట ఇచ్చారు. ఇంకొన్ని మంచి ఉదయాలు దొరికితే చాలు నాకు.

సరస్వతీ పూజ వచ్చింది. ఈ ఊళ్ళో ఆ రోజు ఎవరూ పుస్తకం ముట్టుకోరు, అమ్మవారి పాదాల దగ్గర పెట్టేస్తారు. మా సొసైటీ సంవత్సరం పొడుగునా పాటించే ఆచారాన్ని ఆ ఒక్కరోజు పూజారిని పిలిచి పాటిస్తుంది. హాల్లో విగ్రహం పెట్టారు. బంతిపూలు, రేగుపళ్ళు, ఖిచుడి ప్రసాదం. తాళపత్రాల కట్టలన్నీ దేవి ముందు పేర్చారు. ఆ రోజు ఎండ ఎంత బాగా కాసిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను తూర్పు కిటికీ పక్కన పసుపు చీర కట్టుకుని ఖాళీగా కూర్చున్నాను. చదువుల తల్లి పండగ కాబట్టి చదవకూడదు. మర్నాడు నిమజ్జనమని రీడింగ్ రూము తెరవలేదు.

తర్వాతి రోజు కట్ట తెరిస్తే ఆ ఆకు లేదు.

సెక్రటరీగారిని అడిగితే, సెమినారు తేదీ ముందుకు జరిగిందనీ, ప్రారంభించడానికి వచ్చే పెద్దమనిషికి ఆ తర్వాత వీలు లేదనీ, అందుకని ఆకును ఫ్రేము కట్టడానికి పంపామనీ చెప్పారు. నాకు మాట ఇచ్చారు కదా దాదా అన్నాను. "కంగారుపడకండి దీదీ. పోయింది ఒక్క ఆకే కదా. మిగతా కట్టంతా మీకే వదిలేశాం," అన్నారు. ఏదో దానం చేసినట్టు.

నేను ఆ షాపుకు పరుగెత్తాను. రెండు సందుల అవతలే. పెళ్ళి ఫోటోలకూ, చనిపోయిన పెద్దల ఫోటోలకూ ఫ్రేములు కట్టే షాపు అది. బల్ల మీద ఆకు ఉంది. ఎర్రటి మఖమల్ గుడ్డ వేసిన చెక్క మీద, వృత్తాలు పైకి కనబడేలా, చక్కగా, చదునుగా, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా జిగురుతో అంటించి ఉంది. రంధ్రం కింద చెక్కకు కూడా రంధ్రం తొలిచారు. వెనక నుంచి చిన్న ఎల్‌ఈడీ బల్బు పెడతారట. సూర్యుడు వెలగాలని ఆఫీసరుగారి ఆలోచన.

షాపాయన తన పనితనం చూసుకుని మురిసిపోతున్నాడు. "చూడండి దీదీ, ఒక్కచోట కూడా బుడగ లేదు. వందేళ్ళయినా ఊడదు," అన్నాడు. అతన్ని ఏమనగలను? చెప్పిన పని బాగా చేశాడు. ఆ వీధిలో ఆ రోజు పని బాగా చేసినవాడు అతనొక్కడే. నేను ఆకు కొసను గోటితో కొంచెం లేపి చూశాను. నార పీచులుగా వచ్చేసింది, అక్షరాలున్న పొర జిగురుకే ఉండిపోయింది. వేలు తీసేసుకున్నాను. ఆ షాపులో నిలబడి ఏడ్చాను. షాపాయన ఎవరో పోయారనుకుని నీళ్ళు ఇచ్చాడు.

సెమినారు ఘనంగా జరిగింది. పెద్దమనిషి స్విచ్ నొక్కాడు, కన్నంలో బల్బు వెలిగింది, జనం ఫోన్లు ఎత్తి ఫోటోలు తీసుకున్నారు. దర్జీల పేట మెటియాబ్రుజ్‌లో కుట్టించిన కొత్త షేర్వాణీలో ఆఫీసరుగారు గంటసేపు మాట్లాడారు. యూరప్‌కు పునరుజ్జీవనం రాకముందే మనకు వచ్చి వెళ్ళిపోయిందన్నారు. ఎందుకు వెళ్ళిపోయిందో చెప్పలేదు. అధ్యక్షుడు, మెట్ల దగ్గర నవ్విన ఆ పండితుడే, ఈ పరిశోధన కొత్త ప్రశ్నలు లేవనెత్తుతోందని గంభీరంగా తల ఆడించాడు.

ప్రశ్నల సమయంలో వెనక వరసలోంచి ఒక ఆవిడ లేచింది. ఎవరో పరదేశీ పరిశోధకురాలు. ఆ సాయంత్రం అంతటిలో అడగవలసిన ప్రశ్న ఆవిడ ఒక్కతే అడిగింది. ఆకు రెండో వైపు ఏముంది?

"ఖాళీ," అన్నారు ఆఫీసరుగారు.

నేను లేచాను. సహాయకులు సభలో మాట్లాడే ఆనవాయితీ మా దగ్గర లేదు. ఖాళీ కాదు, ఆ వైపంతా రాత ఉంది, లెక్క తప్పిన ఒక గ్రహణం సంగతి, దాన్ని ఆయన ఎలా సరిచేసుకున్నాడన్నది, అదంతా ఇప్పుడు జిగురు కింద ఉందని ఇంగ్లీషులో చెప్పాను. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆఫీసరుగారు మైకు పక్కకు జరిపి, నాకు మాత్రమే అర్థమయ్యేలా తెలుగులో అన్నారు.

"ఏమమ్మా, మనవాళ్ళ లెక్క తప్పిందని ఇంతమంది ముందు చెప్పుకోవాలా?"

ఆ పంతులు చెప్పుకున్నాడు కదండీ అనాలనిపించింది. ఊరందరి ముందూ, తాటాకు మీద, గంటంతో చెక్కి మరీ చెప్పుకున్నాడు. ఈయనకు ఆ ధైర్యంలో ఆవగింజంత కూడా లేదు, ఆయన పరువు కాపాడతానంటున్నాడు. నేను నోరు తెరిచేలోపల అధ్యక్షుడు సమయం మించిపోయిందనీ, కింద ఫిష్‌ఫ్రై చల్లారిపోతోందనీ ప్రకటించాడు. కలకత్తాలో ఏ వాదమైనా ఆ మాటతో ముగుస్తుంది. పరదేశీ ఆవిడ నా దగ్గరకొచ్చి ఆ ఆకును విడదీయడం సాధ్యమేనా అని మెల్లగా అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆకు అంటించిన బోర్డు కింద అట్ట మీద అచ్చువేసి ఉంది: 'ఒక వైపు సూర్యకేంద్ర చిత్రం. రెండో వైపు ఖాళీ.' రేపు ఎవరో పుస్తకం రాస్తే, పుట అడుగున సన్నక్షరాల్లో ఇదే ఆధారం అవుతుంది.

ఇల్లు చేరేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. షాపులో ఆకు చూసిన రోజు నుంచీ ఆమెకు ఏదో ఒకటి చెప్పి దాటేస్తున్నాను. ఎండ లేదన్నాను, తాళాలు లేవన్నాను. ఇంక దాటవేయడం కుదరలేదు.

"సెప్పవేటే, దిద్దుకున్నాడా మన పంతులు?"

ఒక అంకె చెప్పేస్తే సరిపోయేది. ఇన్ని విఘడియలు కలిపాడమ్మా, తర్వాతి గ్రహణం చెప్పిన ఘడియకే పట్టింది, ఊరంతా కాళ్ళమీద పడింది అంటే అమ్మ సంతోషంగా లేచి పొయ్యి వెలిగించుకునేది. ఎవరు అడుగుతారు, ఎవరు చూస్తారు? మాట నాలుకదాకా వచ్చింది. కానీ మా సొసైటీలో బల్బు పెట్టినవాళ్ళు చేసిందీ అదే కదా. తెలియనిచోట నచ్చింది పెట్టుకున్నారు. ఆ పంతులు మాత్రం తెలియనిచోట నీళ్ళలో నిలబడి చూశాడు.

"తెల్దమ్మా. ఆ వైపు బోర్డుకి అంటించీసినారు. ఇంక సదవడానికి అవ్వదు."

"తీసీడానికి అవ్వదా?"

"అవ్వదు. తీస్తే అచ్చరాలు పోతాయి."

అమ్మ చేట పక్కన పెట్టింది. చాలాసేపు నా మొహంలోకి చూసింది. ఆ సభలో ఉన్నవాళ్ళెవరూ ఆ మనిషిని గురించి అంతసేపు ఆలోచించి ఉండరు.

"అయితే ఆ పంతులుగార్ని నీటిలోనే నిలబెట్టీసి, అందరూ ఎల్లిపోనారన్నమాట," అంది.